సంబరాల కంటే ముందు యాత్ర ఖర్చు తేల్చుకోండి

పాఠశాల పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్లేందుకు కాలనీలో సంబరాలు జరిపి డబ్బు సమకూర్చాలనుకుంటున్నామని, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమని అడిగారు. గుంటూరులో మా పిల్లలు చదివిన ప్రభుత్వ పాఠశాలలో తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలిగా ఉన్నప్పుడు నాగార్జునకొండ యాత్ర కోసం ఇటువంటి సంబరాలే నిర్వహించాం కనుక, ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందుగా బస్సు అద్దె, లాంచీ టికెట్లు, భోజనం, మందుల పెట్టె అన్నీ కలిపి ఒక్కొక్క విద్యార్థికి ఎంతవుతుందో లెక్కకట్టి, ఆ మొత్తాన్ని కరపత్రంలోనే వేయించండి. పిల్లల కోసం సాయం చేయమంటే తోచినంత ఇచ్చి ఊరుకునేవారు కూడా, ఒక బిడ్డ ప్రయాణానికి ఇంత అవుతుందని తెలిస్తే ఆ ఒక్కరి ఖర్చు తామే భరిస్తామని ముందుకు వస్తారు. నాగార్జునకొండ, అమరావతి మ్యూజియాలకు శుక్రవారం సెలవు అనీ, కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోని కట్టడాల్లో 15 ఏళ్ల లోపు పిల్లలకు ప్రవేశ రుసుము లేదనీ గమనించి లెక్క వేసుకోండి.

తేదీ విషయంలో నా సలహా ముందస్తు సంక్రాంతి. భోగి నాటికి నగరంలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి కాబట్టి, సెలవులు ఇవ్వడానికి ముందు వచ్చే ఆదివారం పెట్టుకుంటే అందరూ ఊళ్లోనే ఉంటారు. యాత్రకు కూడా ఎండలు ముదరకముందే జనవరి చివర, ఫిబ్రవరి రోజులు దొరుకుతాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతితో పాఠశాల ఆవరణలోనే జరిపితే మైదానం అద్దె ఉండదు. మైకుకు పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి 10 గంటల తర్వాత ఆరుబయట మైకు వాడకూడదు.

ఆర్కెస్ట్రా, రంగుల లైట్ల జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను, వచ్చిన డబ్బంతా వాటికే చెల్లిపోతుంది. జనాన్ని రప్పించేవి ముగ్గుల పోటీ, బొమ్మల కొలువు, గాలిపటాలు, అన్నిటికంటే ముఖ్యంగా తల్లులు వండి తెచ్చే అరిసెలు, చెక్కలు, గవ్వలు, అక్కడికక్కడే వేసే మిరపకాయ బజ్జీలు. బియ్యప్పిండి, నూనె, బెల్లం వీధిలోని దుకాణదారుల నుంచి విరాళంగా అడగండి. నగదు ఇవ్వడానికి వెనకాడేవారు కూడా సరుకు సంతోషంగా ఇస్తారు, సరుకు ఉచితంగా వచ్చినప్పుడే అమ్మకపు డబ్బు మొత్తం పిల్లలకు చేరుతుంది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు 2022 జులై నుంచి నిషేధం కనుక ఆకు దొప్పలు తెప్పించుకోండి. టికెట్లు అమ్మి లక్కీ డ్రా తీద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. మన రాష్ట్రంలో లాటరీలు నిషిద్ధం, దానికి ఒప్పుకోవద్దు.

డబ్బు విషయంలో ఏ దుకాణం దగ్గరా నగదు తీసుకోకుండా, గేటు పక్కన ఒకే చోట కూపన్లు అమ్మించండి. ఫోన్ చెల్లింపులకు ఎవరి సొంత నంబరూ కాకుండా కమిటీ బ్యాంకు ఖాతా క్యూఆర్ కోడ్ మాత్రమే అతికించండి. ఆ సాయంత్రమే ఇద్దరు కలిసి లెక్కించి రిజిస్టరులో సంతకాలు చేసి, మర్నాడు జమాఖర్చులు నోటీసు బోర్డులో పెడితే, మరుసటి ఏడాది విరాళం అడగడానికి వెళ్లినప్పుడు ఎవరూ అనుమానంగా చూడరు.

నేను అన్నిటికంటే పట్టుబట్టే విషయం మరొకటి ఉంది. వచ్చిన సొమ్మును డబ్బు కట్టలేని పిల్లలకు విడిగా పంచకండి, వారి పేర్ల జాబితా తరగతిలో చదవనివ్వకండి. మొత్తం ఖర్చులోంచి ఆ సొమ్మును తీసేసి, మిగిలినదాన్ని పిల్లలందరికీ సమానంగా పంచి వసూలు చేయండి. అదీ కట్టలేని కుటుంబం ఉంటే క్లాసు టీచరుకు మాత్రమే తెలిసేలా సర్దండి. పేదవాడినని అందరి ముందు చెప్పించుకుని బస్సెక్కే బిడ్డకు ఆ యాత్రలో సంతోషం ఉండదు. యాత్ర తర్వాత ఏమైనా మిగిలితే పంచుకోకుండా అదే ఖాతాలో ఉంచి, వచ్చే ఏడాది ఏ తరగతికి వాడాలో కమిటీ సమావేశంలో తీర్మానం రాయించండి.