రోజుకు పన్నెండు వచనాలు చాలవా?

ప్రశ్న: నేను ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. ఏటా జనవరి ఒకటిన ఆదికాండము మొదలుపెట్టి, సంవత్సరంలో బైబిలు పూర్తిచేయాలని తీర్మానించుకుంటాను. లేవీయకాండము దగ్గరకు వచ్చేసరికి ఆగిపోతాను. నైట్ డ్యూటీలు పడిన వారంలో బైబిలు తెరవడమే కుదరదు. నాలో భక్తి తగ్గిందనుకోవాలా? – ఒక సోదరి, తెనాలి

జవాబు: సోదరీ, లోపం మీ భక్తిలో కాదు, మీరు వేసుకున్న లెక్కలో ఉంది. మనం చదివే 66 పుస్తకాలలో 1,189 అధ్యాయాలు ఉన్నాయి కనుక, ఏడాదిలో ముగించాలంటే రోజుకు మూడు, కొన్ని రోజులు నాలుగు అధ్యాయాలు చదవవలసి ఉంటుంది. ఆ ప్రకారం ఆదికాండములోని 50, నిర్గమకాండములోని 40 అధ్యాయాలు గడిచి, కొత్త సంవత్సరపు ఉత్సాహం చల్లారే జనవరి ఆఖరి వారంలోనే లేవీయకాండములోని దహనబలుల విధులు మొదలవుతాయి. అప్పుడు నాలుగు రోజులు తప్పితే పదమూడు అధ్యాయాలు బాకీ పడతాయి. అప్పిచ్చినవాడి వీధిలోకి వెళ్లడానికి మనిషి జంకినట్టే, ఆ తరువాత మనం బైబిలు ఉన్న బల్ల వైపు చూడడానికి జంకుతాము.

ఏడాది పట్టికలు చెడ్డవని నేను అనడం లేదు. స్కాట్లాండులోని డండీ పట్టణంలో సంఘకాపరిగా ఉన్న రాబర్ట్ మర్రే మక్షేన్ 1842లో తన సంఘస్థుల కోసం తయారుచేసిన పట్టికను నేటికీ ఎందరో వాడుతున్నారు. పాత నిబంధన ఒకసారి, కొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు పూర్తయ్యేలా, కుటుంబంతో చదవవలసినవి వేరుగా, ఏకాంతంలో చదవవలసినవి వేరుగా ఆయన అమర్చాడు. అయితే ఆ పట్టిక ముందు తానే రాసిన హెచ్చరికలను మాత్రం చాలామంది వదిలేస్తారు: చదువు మొక్కుబడిగా మారవచ్చు, చదివేశామన్న గర్వం కలగవచ్చు, కొందరికి అది మోయలేని కాడి కావచ్చు. మీ విషయంలో జరిగింది ఈ చివరిదే.

కాబట్టి ఈసారి మార్కు సువార్తతో మొదలుపెట్టండి. అందులో 16 అధ్యాయాలే ఉన్నాయి. రోజుకు పది పన్నెండు వచనాల చొప్పున, ఒక సంఘటన ముగిసిన చోట ఆగుతూ వెళితే, రెండు నెలలలో పూర్తవుతుంది. ఆ భాగాన్ని ఒకసారి మౌనంగా, ఒకసారి పైకి చదివి, ప్రభువును గూర్చి ఇందులో నాకు తెలిసినది ఏమిటి అన్న ఒక్క ప్రశ్నకు నోటుపుస్తకంలో ఒక వాక్యం రాసుకోండి. పావుగంట పట్టదు. మీ షిఫ్టులు మారుతూ ఉంటాయి కనుక గడియారాన్ని బట్టి వేళ పెట్టుకోవద్దు. ఏ షిఫ్టు అయినా ఇంటికి వచ్చి, స్నానం చేసి, భోజనానికి కూర్చునే ముందు అని పెట్టుకుంటే నిలబడుతుంది.

ఒక రోజు తప్పితే మరునాడు ఆ నాటి భాగం మాత్రమే చదవండి. నిర్గమకాండము 16వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు, అరణ్యంలో దేవుడిచ్చిన ఆహారమైన మన్నాను, ఏ ఉదయానిది ఆ ఉదయమే ఏరుకున్నారు. ఎండ ముదిరాక నేలమీద మిగిలినది కరిగిపోయింది, నిన్నటిది నేడు ఏరుకోవలసిన పని ఎవరికీ లేదు. లేవీయకాండము ఎక్కడికీ పోదు. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలోని 9, 10 అధ్యాయాలు చదివాక దాని దగ్గరకు వెళ్లండి, ఆ బలులు ఎందుకో అప్పుడు మీకే తెలుస్తుంది.

ప్రశ్న: రాత్రి కుటుంబ ప్రార్థన ముప్పావుగంట సాగుతుంది. పద్నాలుగేళ్ల అబ్బాయి గోడ గడియారం చూస్తుంటాడు, తొమ్మిదేళ్ల పాప నిద్రపోతుంది. ఇద్దరూ ఇంగ్లీషు మీడియం, తెలుగు బైబిలు అర్థం కాదంటారు. – ఒక తండ్రి, సికింద్రాబాద్

జవాబు: సోదరా, ఆ ముప్పావుగంటలో మీరు ఒక్కరే ఎంతసేపు మాట్లాడుతున్నారో ఒక రాత్రి గమనించండి. ఈ మాట అనే అర్హత నాకుంది. మా పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు నేను ఇంట్లోనూ ఆదివారపు ప్రసంగమే చేశాను, వాళ్లు కళ్లు తెరిచి నిద్రపోవడం నేర్చుకున్నారు. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం పిల్లలకు నేర్పమని చెప్పినప్పుడు, ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు మాట్లాడమన్నది. అది సంభాషణ.

ప్రార్థనను భోజనానికి ముందుకు జరిపి, పది నిమిషాలకు కుదించండి. చదవడం పిల్లలకు వదలండి. ఉదాహరణకు మార్కు 2వ అధ్యాయంలోని మొదటి పన్నెండు వచనాలు: పక్షవాయువుగల మనుష్యుని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించారు. ఆ కప్పు తరువాత ఎవరు బాగుచేయించారని మీ పాప అడిగితే కసరకండి. గలిలయలో ఇళ్ల కప్పులు దూలాల మీద కొమ్మలు పరిచి మట్టితో మెత్తినవని చెప్పండి; లూకా 5వ అధ్యాయం తీసి అదే సంఘటనలో పెంకుల మాట ఎందుకు వచ్చిందో చూడమని అబ్బాయికి అప్పగించండి. జవాబు మీకు తెలియకపోతే తెలియదని ఒప్పుకోండి, పిల్లలకు అది నచ్చుతుంది.

భాష విషయంలో వాళ్ల ఫిర్యాదు న్యాయమైనదే. మన పరిశుద్ధ గ్రంథము గ్రాంథిక భాషలో ఉంది. ‘ఉండవలెను’, ‘చేయుచుండిరి’ వంటి రూపాలు ఈ తరం పిల్లల చెవులకు పరాయివి. వాడుక తెలుగులో వచ్చిన అనువాదంలో గాని ఇంగ్లీషులో గాని వాళ్లు చదవనివ్వండి, తరువాత అదే భాగంలో రెండు మూడు వచనాలు పాత అనువాదంలో మీరు చదివి అర్థం చెప్పండి. సంఘంలో వినబడేది ఆ భాషే కనుక, దాన్ని పూర్తిగా వదిలేస్తే ఆదివారం ఆరాధనలో పిల్లలు పరాయివాళ్లవుతారు. నెహెమ్యా 8వ అధ్యాయంలో లేవీయులు ధర్మశాస్త్ర గ్రంథాన్ని జనులకు స్పష్టంగా చదివి అర్థం చెప్పారని ఉంది. ఆ రెండవ పని లేకుండా మొదటిది సరిపోదు.

ప్రశ్న: ఫోనులో బైబిలు చదివితే తప్పా? – ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: తప్పు కాదు తమ్ముడూ. ప్రయాణంలో అది మేలు కూడా. అయితే మూడవ వచనం దగ్గర వాట్సాప్ సందేశం తెర మీదికి వస్తే నాలుగవ వచనం చదివేవాళ్లు తక్కువ, నేనైతే చదవను. చదివే పావుగంట ఇంటర్నెట్ ఆపి చూడు, అప్పటికీ కుదరకపోతే అచ్చు పుస్తకం తెచ్చుకుని, కీర్తన 119తో మొదలుపెట్టు. అందులోని 176 వచనాలు ఆలెఫ్, బేత్ అంటూ హెబ్రీ అక్షరాల పేర్లతో 22 భాగాలుగా ఉంటాయి, భాగానికి ఎనిమిది వచనాలు. రోజుకొకటి చదివితే మూడు వారాల మీద ఒక రోజు పడుతుంది.