కెల్టిక్ భాషలు ఇంకా బతికే ఉన్నాయా? అసలు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇంగ్లిష్‌కి యాసలేనా?

యాసలు అస్సలు కాదండి, ఇంగ్లిష్ బ్రిటన్ దీవికి రాకముందే అక్కడున్న భాషలు. ఇక బతికున్నాయా అంటే, నేను ఎనిమిదేళ్ల నుంచి నార్త్ వేల్స్‌లో కేర్నార్ఫన్ దగ్గర ఉంటున్నా, ఒక హాస్పిటల్‌లో నర్సుని, రోజూ చెవిన పడేది ఈ కెల్టిక్ భాషల్లో ఒకటైన వెల్షే. అందుకని వెల్ష్ గురించి చూసింది చెప్తా, మిగతావి చదివి తెలుసుకున్నవి.

వచ్చిన కొత్తలో నేనూ పట్టించుకోలేదు, రోడ్డు మీద తెల్ల పెయింట్‌తో "అరవ్" అని రాసుంటే (నిదానంగా వెళ్లమని) ఏదో బోర్డుల కోసం పెట్టుకున్నారులే అనుకున్నా. తర్వాత ఒక నైట్ డ్యూటీలో తొంభై దాటిన పెద్దావిడ, మతిమరుపు జబ్బు, నేను ఇంగ్లిష్‌లో ఎన్నిసార్లు పలకరించినా గోడ వైపే తిరిగి పడుకుంది. పెద్దయ్యాక నేర్చుకున్న ఇంగ్లిష్ ఆవిడకి పోయింది, చిన్నప్పటి వెల్ష్ ఒక్కటే మిగిలింది. అప్పుడు మా వార్డులో చేసే అమ్మాయి, బ్యాడ్జి మీద నారింజ రంగు గుర్తు ఉంటుంది, వెల్ష్ వచ్చు అని తెలియడానికి, ఆ అమ్మాయి మంచం పక్కన కూర్చుని "డాఖ్ ఖీ ఇషో పానద్?" అంది, టీ తాగుతారా అని అంతే. ఆవిడ ఇటు తిరిగి రెండు చేతులతో కప్పు అందుకుంది. ఆ నెలలోనే నేను వెల్ష్ క్లాసులో చేరా.

పుట్టుక సంగతికొస్తే ఇవి ఇండో యూరోపియన్ కుటుంబం, అంటే సంస్కృతానికి, లాటిన్‌కి దూరపు చుట్టాలు. రెండు వేల ఏళ్ల కిందట స్పెయిన్, ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ నుంచి ఇప్పటి టర్కీ మధ్య భాగం దాకా కెల్టిక్ భాషలు మాట్లాడేవాళ్లు ఉండేవాళ్లు, రోమన్ల రాజ్యం పెరిగేకొద్దీ యూరప్ నేల మీదవి చాలావరకు లాటిన్‌లో కలిసిపోయాయి. అక్షరాల్లో దొరికిన వాటిలో చాలా పాతవి ఉత్తర ఇటలీలో, క్రీ.పూ. 6వ శతాబ్దం నాటివి. వీటన్నిటికీ ఒక గుర్తుంది, పాత "ప" జారిపోయింది, సంస్కృతంలో పితృ, లాటిన్‌లో పాటర్, ఐరిష్‌లో మాత్రం అహిర్. కలకత్తాలో 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒక మూలం నుంచి వచ్చి ఉండాలి, కెల్టిక్ కూడా అందులోదే కావచ్చు అన్న విలియం జోన్స్ ఉన్నాడు కదా, ఆయన నాన్నగారిది ఆంగ్లసీ, మా ఊరి నుంచి చూస్తే జలసంధికి అవతల కనపడే దీవే.

ఇప్పుడు మిగిలినవి ఆరు. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ (ఐల్ ఆఫ్ మాన్ దీవిది) ఒక కొమ్మ, వెల్ష్, కార్నిష్ (ఇంగ్లండ్ నైరుతి మూల కార్న్‌వాల్‌ది), బ్రెటన్ ఇంకో కొమ్మ. బ్రెటన్ ఫ్రాన్స్‌లో ఉన్నా అది బ్రిటన్ నుంచి వలసెళ్లిన వాళ్ల భాషే.

లెక్కలు చూసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఐర్లాండ్‌లో ఐరిష్ 1937 రాజ్యాంగం ప్రకారం మొదటి అధికార భాష, 2022 జనాభా లెక్కల్లో 18.7 లక్షల మంది మాకొచ్చు అన్నారు, కానీ బడి బయట రోజూ మాట్లాడేది దాదాపు 72 వేల మందే. వెల్ష్ 2021లో 5.38 లక్షలు, వేల్స్ జనంలో 17.8 శాతం, పదేళ్ల ముందు 5.62 లక్షలు ఉండేది, తగ్గింది, అది నిజంగా బాధ. అయినా మా గ్వినెడ్ జిల్లాలో 64 శాతం పైనే, షాపులో, బస్సులో, ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో అదే. నన్నడిగితే అధికార హోదా కన్నా ఇలా రోజూ మాట్లాడుకోవడమే గట్టిది. మాంక్స్ చిన్నప్పటి నుంచి మాట్లాడిన చివరి మనిషి నెడ్ మాడ్రెల్ 1974లో పోయాడు, ఇప్పుడు ఆ దీవిలో అన్ని పాఠాలూ మాంక్స్‌లోనే చెప్పే ప్రైమరీ స్కూలు ఉంది.

వెల్ష్ ఊరికే నిలబడలేదు. 19వ శతాబ్దంలో బడిలో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో చెక్క ముక్క తగిలించేవాళ్లు, సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్లకి దెబ్బలు. 1980లో వెల్ష్ టీవీ ఛానెల్ ఇస్తామన్న మాట ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే వేల్స్ జాతీయ పార్టీ నాయకుడు గ్విన్ఫర్ ఎవాన్స్ ఆమరణ దీక్ష చేస్తానని ప్రకటించాడు, ప్రభుత్వం దిగొచ్చింది, 1982లో ఛానెల్ మొదలైంది. భాష కోసం దీక్ష అంటే మనకి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి, మన తెలుగువాళ్లకి వెల్ష్ నేర్చుకోవడంలో ఒక సుళువు ఉంది. అక్కడ మాట మొదటి అక్షరం మారిపోతుంది, నాన్న అంటే టాడ్, "నీ" చేరిస్తే డాడ్, "నా" చేరిస్తే న్హాడ్. క్లాసులో అందరూ తల పట్టుకున్నారు, నాకేమో తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు, అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు గుర్తొచ్చాయి. చుట్టరికం ఏమీ లేదు, మనది ద్రావిడ భాష, పోలిక అంతే. మా పాప ఇక్కడి వెల్ష్ మీడియం బడిలో రెండో తరగతి, ఫ్రిజ్ మీద బడి వాళ్లిచ్చిన టాడ్-డాడ్ పట్టిక అంటించింది, దాని కింద నా చేత తెలుగులో తండ్రి-దండ్రి, తమ్ముడు-దమ్ముడు రాయించుకుంది.