యూరియా ఎంత వేసినా దిగుబడి పెరగట్లేదు, భూసార పరీక్షతో లాభం ఉందా?

లాభం ఉంది, కానీ పరీక్షకు వెళ్లే మట్టి మీ చేలోదే అయి ఉండాలి. 2015లో భూసార కార్డుల పథకం మొదలైనప్పుడు నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక్క నమూనా తీసేలా పెట్టారు. కాబట్టి మీ కార్డులో ఉన్నవి పక్క చేను అంకెలు కావచ్చు.

మాది డెల్టాలో వరి పొలం, సార్వా (వానాకాలం), దాళ్వా (యాసంగి) రెండూ వరే. పంట కోశాక, ఎరువు వేయకముందే మట్టి మేమే తీశాం. చేనంతా తిరుగుతూ ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతు గుంట తీసి, దాని అంచు వెంట మట్టి చెక్కాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంట కుప్ప పోసిన చోట తీయకండి. అంతా కలిపి అరకిలో పంపితే చాలు. మాకు సేంద్రియ కర్బనం (ఆకు, పెంట కుళ్లి నేలలో చేరే సారం) అర శాతం కంటే తక్కువ, జింక్ లోపం, భాస్వరం మాత్రం ఎక్కువ అని వచ్చింది. దాంతో భాస్వరం ఉండే డీఏపీ ఎరువు తగ్గించాం. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేశాం. దీన్ని భాస్వరం ఎరువుతో కలిపి వేయకూడదు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు ఆ పంటలోనే తగ్గాయి.

కర్బనం అంత తొందరగా పెరగదు. తొలకరికి పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి, పూతకొచ్చాక కలియదున్నుతున్నాం. మొదటి ఏడాది దిగుబడిలో తేడా లేదు గానీ నేల గుల్లబారింది, దుక్కి తేలికైంది. తర్వాత యూరియా తగ్గించినా గింజ తగ్గలేదు.

యూరియా ఎక్కువ వేస్తున్నారంటూ తప్పంతా రైతుదే అన్నట్టు మాట్లాడితే నాకు బాధేస్తుంది. 2010లో కేంద్రం ఎరువుల్లోని పోషకాలను బట్టి సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చి, యూరియాను మాత్రం అందులో కలపలేదు. 45 కిలోల యూరియా బస్తా రూ.266.50, 50 కిలోల డీఏపీ రూ.1,350 అయితే చెయ్యి దేని మీదకు పోతుంది? పైగా మా వైపు ఎక్కువగా చేసేది కౌలు రైతులే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డు గడువు 11 నెలలు. వచ్చే ఏడాది తన చేతిలో ఉంటుందో లేదో తెలియని నేలకు ఎవరు పెంట తోలతారు? యూరియా సబ్సిడీలో కొంత పచ్చిరొట్ట విత్తనాలకు, పశువుల ఎరువుకు మళ్లించాలి. అదీ కౌలుదారు పేరునే అందాలి.

మీదీ కౌలు భూమే అయితే రెండు మూడేళ్లకు ఒప్పందం కుదిరాకే పెంటకు డబ్బు పెట్టండి. జీలుగకు ఖర్చు తక్కువ, ఈ తొలకరికే చల్లేయండి.