కొత్త కెమెరా ఫైళ్ళు, పాత ఫొటోషాప్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కొత్త కెనాన్ కెమెరాతో తీసిన సీఆర్3 ఫైళ్ళు (కెమెరా పట్టిన డేటాను దాదాపు అలాగే దాచే కెనాన్ ‘రా’ ఫైళ్ళు) నీ ఫొటోషాప్‌లో తెరుచుకోవడం లేదని రాశావు. ఫొటోలు పాడయ్యాయేమోనని టెన్షన్ పడకు. సీఆర్3 ఫార్మాట్ 2018లో వచ్చింది, నీ దగ్గరున్న ఫొటోషాప్ సీఎస్6 వెర్షన్ 2012 నాటిది. దానిలో రా ఫైళ్ళు తెరిచే ‘కెమెరా రా’ ప్లగిన్‌కి అప్‌డేట్లు 9.1.1తోనే ఆగిపోయాయి. అందుకే నీ కెమెరా ఫైలు దానికి అర్థం కావడం లేదు, అంతే.

ముందే చెబుతున్నా, ఫైలు పేరు చివర జేపీజీ అని మార్చి చూడొద్దు. పేరు మారుతుంది గానీ లోపలి డేటా మారదు. మనుషుల ఫొటోలను ఊరూపేరూ తెలియని కన్వర్టర్ సైట్లకు ఎక్కించడం కూడా నాకు ఇష్టం లేదు. ఫైలుని వేరే ఫార్మాట్‌లోకి మార్చే పని నీ కంప్యూటర్‌లోనే అయిపోతుంది.

అడోబీ డీఎన్‌జీ కన్వర్టర్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, విండోస్‌కీ మ్యాక్‌కీ దొరుకుతుంది. అది నీ సీఆర్3లను నీ సీఎస్6 చదవగలిగే డీఎన్‌జీ అనే రా ఫార్మాట్‌లోకి మారుస్తుంది. డీఎన్‌జీ 2004 నుంచీ ఉంది, అంతకన్నా పాతదైన టిఫ్ అనే ఫొటో ఫార్మాట్ పునాదిగా తయారైంది. కన్వర్టర్ మాత్రం కొత్త వెర్షనే వేసుకో, లేకపోతే నీ కెమెరా మోడల్ దానికీ తెలియదు. ఫోల్డర్ చూపించాక ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్ళి కంపాటిబిలిటీ దగ్గర ‘కెమెరా రా 7.1’ ఎంచుకో. చాలామంది ఈ ఒక్క సెట్టింగ్ వదిలేసి, మార్చిన ఫైలు కూడా తెరుచుకోలేదని దిగులుపడతారు. లాసీ కంప్రెషన్‌కి టిక్ పెట్టకు, అది సైజు తగ్గించడానికి కొంత డేటా పారేస్తుంది. ఒరిజినల్‌ని లోపలే పొదిగే ఆప్షన్ కూడా వద్దు, ఫైలు దాదాపు రెట్టింపవుతుంది.

నేరుగా జేపీఈజీ చేసేస్తే సరిపోదా అని అడిగావు. ఎవరికైనా పంపడానికి సరిపోతుంది, అది ఎక్కడైనా తెరుచుకుంటుంది. కానీ దాని మీద ఎడిటింగ్ మొదలుపెట్టకు. నీ కెమెరా రా ఫైలులో సాధారణంగా ఒక్కో పిక్సెల్‌కి 14 బిట్లు, అంటే 16,384 మెట్ల వెలుగు ఉంటుంది. జేపీఈజీలో ఒక్కో రంగుకి 8 బిట్లు, 256 మెట్లే. చీకటిగా వచ్చిన ముఖాన్ని కొంచెం వెలిగించాలన్నా, సాయంత్రపు ఆకాశంలో రంగులు సరిచేయాలన్నా ఆ మిగతా మెట్లే ఆదుకుంటాయి. అవి లేకపోతే ఆకాశం నున్నగా కాకుండా చారలు చారలుగా విడిపోతుంది. ఒకసారి పోయిన మెట్లు మళ్ళీ రావు. అందుకే ఎడిటింగంతా డీఎన్‌జీ మీద చెయ్యి. ఆ పని ఫొటోషాప్‌లో ఇంకా మిగిలితే 16 బిట్ టిఫ్‌గా దాచుకో. 24 మెగాపిక్సెల్ ఫొటో కంప్రెషన్ లేకుండా దాదాపు 144 ఎంబీ అవుతుంది, డిస్క్‌లో చోటు చూసుకో. జేపీఈజీ అన్నిటికన్నా చివర. దాన్ని సేవ్ చేసేముందు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల ప్రొఫైల్‌కి మార్చు, లేకపోతే కొన్ని స్క్రీన్ల మీద రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి.

డీఎన్‌జీలు వచ్చేశాయి కదా అని సీఆర్3లు మాత్రం తీసేయకు తల్లీ. నువ్వు చేయబోయే డీఎన్‌జీ నుంచి మళ్ళీ సీఆర్3 తయారు చేయలేం. కెనాన్ సొంత సాఫ్ట్‌వేర్‌కి కావలసిందీ ఆ ఒరిజినలే. ఆ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు చేసుకున్న మార్పులు కూడా డీఎన్‌జీలోకి రావు. ఒరిజినల్స్‌ని వేరే డిస్క్‌లో ఇంకో కాపీ పెట్టాకే కన్వర్ట్ బటన్ నొక్కు.

అదీ మొత్తం ఫోల్డర్ మీద ఒకేసారి వద్దు. ఒక నిలువు ఫొటో, ఒక అడ్డం ఫొటో, తక్కువ వెలుతురులో తీసిన ఒకటి మార్చి, నీ సీఎస్6లోనే తెరిచి చూడు. తీసిన తేదీ, ఫొటో నిలబడిన దిక్కు సరిగ్గా ఉన్నాయా గమనించు. ఏదైనా మొరాయిస్తే ఆ ఫైలూ, తెర మీద వచ్చిన మెసేజూ నాకు పంపు. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
మామయ్య