తొమ్మిదో పిన్ను మరిచిపోయారు

ప్రశ్న: రెండు ఈఎల్84, రెండు 12ఏఎక్స్7 ట్యూబులతో పుష్‌పుల్ ఆంప్లిఫయర్ కట్టాను. ట్యూబుల లోపలి హీటర్లకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ 6.3 వోల్టులది. ఒక వైరు అన్ని సాకెట్లలో 4వ పిన్నుకు, రెండోది 5కి వేసి, ఆ రెండోదాన్ని ఛాసిస్‌కి ఎర్త్ చేశాను. ఈఎల్84లు బాగా వెలుగుతున్నాయి, 12ఏఎక్స్7లు మాత్రం వెలిగీ వెలగనట్టున్నాయి. పాట నీరసంగా ఉంది, వాల్యూమ్ సున్నాలో పెట్టినా గుయ్యిమని మోత. ట్యూబులు పాతవి, మార్చేయాలా?

జవాబు: డబ్బు దండగ, మార్చకండి. ఈఎల్84కి హీటరు 4, 5 పిన్నుల మధ్యే ఉంటుంది కాబట్టి అది సరిగ్గానే వెలిగింది. 12ఏఎక్స్7లో 4కీ 5కీ మధ్య రెండు హీటర్లు సిరీస్‌లో ఉంటాయి, దానికి 12.6 వోల్టులు కావాలి, మీరిచ్చింది సగం. 4, 5 కలిపి ఒక వైరుకు, 9వ పిన్ను రెండో వైరుకు వేయండి, 6.3కి సరిపోతుంది. (నేను కట్టిన మొదటి ఆంప్లిఫయర్‌లో చేసిన తప్పు అచ్చం ఇదే, రెండు రోజులు ట్యూబుల్ని తిట్టుకున్నాను.) పిన్నులు సాకెట్ అడుగు నుంచి చూస్తూ గడియారం తిరిగే దిక్కున లెక్కపెట్టాలి, పైనుంచి లెక్కపెడితే అంతా తారుమారే. సరిచేశాక హీటర్ల కరెంటు మొత్తం 2.12 ఆంపియర్లు అవుతుంది, వైండింగ్ అంత మోయగలదో లేదో ముందే చూసుకోండి.

ఇక మోత. వాల్యూమ్ తగ్గించినా పోలేదంటే అది ఆ కంట్రోల్ తర్వాతి దశల్లో పుడుతోంది. హీటర్ వల్ల వచ్చేది 50 హెర్ట్జ్, బొంగురుగా లోతుగా ఉంటుంది. ఏసీని డీసీ చేసే ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ తర్వాత ఫిల్టర్ చాలకపోతే వచ్చేది 100, కాస్త గరగరమంటుంది. మొదటిదైతే ఛాసిస్‌కి వేసిన ఆ ఎర్త్ తీసేసి, రెండు హీటర్ వైర్ల నుంచీ చెరో 100 ఓమ్‌ల రెసిస్టర్ (అర వాట్‌ది చాలు) వేసి, అవి కలిసే చోటును ఎర్త్ చేయండి. వైండింగ్‌కు సెంటర్ ట్యాప్ (సరిగ్గా మధ్య నుంచి తీసిన వైరు) ఉంటే రెసిస్టర్లు వద్దు, దాన్నే ఎర్త్ చేయండి. వైర్లు రెండింటినీ తాడు పేనినట్టు బిగుతుగా పేని, ఛాసిస్ మూలకు ఆనించి, గ్రిడ్ వైర్లకు (ట్యూబులోకి సిగ్నల్ తెచ్చేవి) దూరంగా నడపండి. ముందు ఈఎల్84లకు, చివరగా 12ఏఎక్స్7లకు వెళ్ళాలి, తిరగేస్తే పవర్ ట్యూబులైన ఈఎల్84ల కరెంటంతా సున్నితమైన ట్యూబుల పక్కనుంచే పోతుంది. ఇంతా చేశాక ఇంకా వినపడితే అప్పుడు హీటర్లకు డీసీ ఇచ్చే సంగతి చూద్దాం, ముందే దాని జోలికెళ్ళడం నాకు నచ్చదు.

ఇవన్నీ ప్లగ్ పీకి, హెచ్‌టీ (హై టెన్షన్, అంటే ఎక్కువ వోల్టేజ్) కెపాసిటర్ డిశ్చార్జ్ అయిందో లేదో మీటర్‌తో చూశాకే. స్విచ్ ఆపినా అందులో వందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ప్రశ్న: ట్యూబులు పెట్టకుండా కొలిస్తే హీటర్ వోల్టేజ్ 7.1 చూపిస్తోంది. కాలిపోతాయని టెన్షన్‌గా ఉంది.

జవాబు: లోడ్ లేనప్పుడు ఎక్కువ చూపించడం మామూలే. ట్యూబులన్నీ పెట్టి, వేడెక్కాక, సాకెట్ దగ్గరే కొలవండి. 5.7 నుంచి 6.9 మధ్య ఉంటే నిశ్చింతగా వాడుకోండి.