కుందేలును పట్టేది డేగేనా?

సందేహం: మా వీధి వేపచెట్టు మీద పావురమంత పిట్ట ఒకటి వాలుతుంది. దాన్ని అందరం డేగ అంటాం. పిల్లల కథ ఒకదానిలో ‘అడవి డేగ కుందేలును ఎత్తుకుపోయింది’ అని ఉంది. అంత చిన్న డేగ కుందేలును మోయగలదా? ఆ వాడుక తప్పా?

సమాధానం: తప్పనలేం. నిఘంటువుల్లో డేగకు శ్యేనం అని అర్థం. అమరకోశం శ్యేనానికి ఇచ్చిన పేర్లలో ‘శశాదనం’ ఒకటి, అంటే కుందేలును తినేది. కాబట్టి కథకుడికి ఆధారం లేకపోలేదు. కానీ కథ చదివే పిల్లలకు అమరకోశం తెలియదు, వేపచెట్టు మీది పిట్టే తెలుసు.

మీరు చూసింది జాలెడేగ అయ్యుంటుంది. వీపు బూడిదరంగు, రొమ్ము మీద సన్నని ఇటుకరంగు చారలు, ఈకల్లేని పచ్చటి కాళ్లు. తొండలు, ఎలుకలు, పిచ్చుకలతో దాని రోజు గడిచిపోతుంది. కోడిపిల్ల దొరికితే మాత్రం వదలదు.

అడవుల్లో కుందేలు మీద పడే పెద్ద గద్దలు వేరే. వాటిలో ఒకదానికి తల వెనక పొడవాటి జుట్టు ఉంటుంది, కాళ్లకు వేళ్ల దాకా ఈకలుంటాయి. మన జాలెడేగ అడుగు పొడవుంటే ఇది రెండడుగుల పైమాటే. కొమ్మ మీద కదలకుండా కాపువేసి, కింద కుందేలో అడవికోడో కనబడగానే మీద పడుతుంది. 19వ శతాబ్దంలో నెల్లూరులో పనిచేసిన డాక్టర్ జెర్డన్ తన పక్షుల గ్రంథంలో దీనికి ‘జుట్టు భైరి’ అనీ, ఇలాంటిదే మరో పెద్ద పక్షికి ‘కుందేలు సాళువ’ అనీ తెలుగు పేర్లు ఎక్కించాడు. తమాషా ఏమిటంటే, అదే గ్రంథంలో భైరిడేగ అంటే దీనికంటే చిన్నదైన మరో పక్షి! పేర్లు పెట్టిన వేటగాళ్లు సైజు ఒక్కటే చూడలేదన్నమాట.

సాళువ మనకు కొత్త మాటేమీ కాదు. 1485లో విజయనగర సింహాసనమెక్కిన సాళువ నరసింహరాయల ఇంటిపేరులో ఉన్నది ఈ వేటపక్షే. ఇప్పుడు వాడుక తగ్గింది గానీ, పిల్లల కథలోకి తెస్తే మళ్లీ బతుకుతుంది. అంత పాతమాట ఎందుకనుకుంటే ‘జుట్టుగద్ద’ అన్నా చాలు. ఉత్త ‘డేగ’ మాత్రం ఇక్కడ అతకదు. శిబి చక్రవర్తి కథలో పావురాన్ని తరిమినదాన్ని డేగ అంటేనే బాగుంటుంది.

ఇంకొకటి. మీరు అడగలేదు గానీ, ఆ వాక్యంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘ఎత్తుకుపోయింది’. తెలుగులో గద్ద తన్నుకుపోతుంది.