ప్రెగ్నెన్సీ కన్ఫర్మ్ అయ్యాక ఫోలిక్ యాసిడ్ మొదలుపెడితే సరిపోదా?

చాలాసార్లు అప్పటికే ఆలస్యం అయిపోతుందండి. బిడ్డ మెదడు, వెన్నుపాముగా మారే గొట్టం లాంటి భాగం గర్భం నిలిచిన 28 రోజులకల్లా మూసుకుపోవాలి. నెల తప్పిందని గమనించి, టెస్ట్ చేసుకుని, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆ రోజులు దాదాపు గడిచిపోతాయి. ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ తోడ్పడేది ఆ గొట్టం మూసుకోవడానికే, అది సరిగ్గా మూసుకోకపోతే వెన్నులో చీలికతోనో, పుర్రె పైభాగం లేకుండానో బిడ్డ పుట్టవచ్చు.

అందుకే పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టి, మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. ఇంతకుముందు ఇలాంటి లోపంతో బిడ్డ పుట్టి ఉన్నా, షుగర్ ఉన్నా, ఫిట్స్ మందులు (ముఖ్యంగా వాల్‌ప్రోయేట్) వాడుతున్నా డోసు వేరు, డాక్టర్‌ని అడగకుండా మీరే పెంచుకోవద్దు, ఫిట్స్ మందు అసలే ఆపొద్దు. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనంలో, ముందు కాన్పులో ఈ లోపం వచ్చిన తల్లులకు రోజూ 4 మిల్లీగ్రాములు ఇస్తే మళ్లీ వచ్చే ముప్పు 72 శాతం తగ్గింది.

తోటకూర, పాలకూర, పెసలు, శనగలు తినండి, మంచిదే, కానీ ఆకుకూర ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే ఫోలేట్ (తిండిలో సహజంగా ఉండే ఇదే విటమిన్) చాలావరకు వాటితోనే పోతుంది, కాబట్టి తిండి బాగున్నా మాత్ర మానొద్దు.